ఏడో సీటు ఎవరి కోసం?

మన తెలుగువాళ్ళలో ఒక వింత గమనించాను. ఇండియాలో ఏడు సీట్ల బండి అంటే గొప్ప. ఇన్నోవా కొన్నామంటే వీధిలో వాళ్ళంతా వచ్చి చూసి, టైర్లు తట్టి, మైలేజీ అడిగి వెళ్తారు. అదే మనిషి విమానమెక్కి వాంకూవర్లో దిగాక మినీవ్యాన్ పేరెత్తండి, మొహం అదోలా పెడతాడు. "వ్యానాండీ? మరీ పెద్దవాళ్ళమైపోయినట్టుంటుందేమో" అంటాడు. అది కూడా సెకండ్ హ్యాండ్ అని చెప్పారనుకోండి, మీ ఉద్యోగం ఏమైనా ఊడిందేమోనని జాలిపడతాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బర్నబీ లాంటి ఊళ్ళో, చిన్నపిల్లలుండి, అమ్మానాన్నలో అత్తామామలో వచ్చి నెలల తరబడి ఉండే ఇంటికి, బాగా చూసి కొన్న పాత మినీవ్యాన్‌ని మించిన బండి లేదు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

అసలు ఇలాంటి బళ్ళు మనకి కొత్తేం కాదు. 1994లో టాటా సుమో వచ్చింది, 2000లో క్వాలిస్ వచ్చింది, 2005లో దాని స్థానంలో ఇన్నోవా వచ్చింది. మన సినిమాల్లో సుమోలు గాల్లోకి లేవడానికే పుట్టాయనుకునేవాణ్ణి గానీ, నిజానికి అవి ఊళ్ళల్లో పెళ్ళిళ్ళకీ, తిరుపతి ప్రయాణాలకీ, ఆసుపత్రులకీ తిరిగాయి. అప్పట్లో మనం సీట్లు లెక్కపెట్టేవాళ్ళం కాదు, మనుషుల్ని లెక్కపెట్టేవాళ్ళం. పన్నెండు మందిమి క్వాలిస్‌లో కొండ కింద దాకా వెళ్ళిన రోజులున్నాయి. పిల్లలు ఒళ్ళో, సామాను పైన, పులిహోర డబ్బా డ్రైవర్ పక్కన.

ఇక్కడ ఆ వేషాలు కుదరవు. తలకో సీటు, సీటుకో బెల్టు. బ్రిటిష్ కొలంబియా నియమాల ప్రకారం పిల్లలకి తొమ్మిదేళ్ళు నిండేదాకా, లేదా 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా బూస్టర్ సీటు ఉండాలి. ఐదు సీట్ల కారు వెనక వరుసలో రెండు పిల్లల సీట్లు బిగించాక మధ్యలో మిగిలేది ఒక జానెడు జాగా. పేరుకి అదీ సీటే. అందులో అరవై అయిదేళ్ళ మనిషి చీర కట్టుకుని కూర్చుని, బెల్టు బకిల్ ఎక్కడుందో వెతుక్కోవడం ఒకసారి చూస్తే, బ్రోషర్లో రాసిన "ఐదుగురు ప్రయాణికులు" అన్నమాట అబద్ధమని తేలిపోతుంది.

దీనికి తోడు సూపర్ వీసా ఒకటుంది. కెనడా ప్రభుత్వం 2011 డిసెంబరులో ఇది మొదలుపెట్టింది. అప్పట్లో ఒకసారి వస్తే రెండేళ్ళు ఉండనిచ్చేవాళ్ళు, 2022 జులై నుంచి ఐదేళ్ళు చేశారు. అంటే పెద్దవాళ్ళు ఇప్పుడు చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళు కాదు, ఇంట్లో మనుషులు. ఇంట్లో గది సర్దుతాం, మంచం కొంటాం, కుక్కర్ పెద్దది తెస్తాం. కారు మాత్రం నలుగురున్నప్పటిదే ఉంటుంది.

"బర్నబీలో స్కైట్రైన్ ఉందిగా" అనే మిత్రులున్నారు. ఉంది. 1986 ఎక్స్‌పో నాటికి వచ్చిన ఆ రైలు ఈ ఊరికి నిజంగా వరం. నేనూ ఆఫీసుకి దాంట్లోనే వెళ్తాను, ఇంటికి రెండు కార్లు అక్కర్లేదని వాదించేవాళ్ళలో నేనొకణ్ణి. కానీ నవంబరు వానలో, మోకాళ్ళ నొప్పులతో, ఒక పిల్ల స్ట్రోలర్లో ఒక పిల్లాడు నడుస్తూ, రైలు దిగి బస్సెక్కి ఆల్బర్ట్ వీధిలో గుడికి వెళ్ళి రమ్మని పెద్దవాళ్ళకి చెప్పడం వేరు, నేను లాప్‌టాప్ సంచీ తగిలించుకుని రైలెక్కడం వేరు.

ఇంకొందరు మరో మంచి మాట అంటారు. ఈ ఊళ్ళో మోడో అని సహకార పద్ధతిలో నడిచే కార్ల సంస్థ ఉంది. గంటల లెక్కన బండి తీసుకోవచ్చు, వాటిలో మినీవ్యాన్లూ ఉన్నాయి. "ఏడాదికి ఇరవై రోజుల కోసం ఏడాది పొడుగునా వ్యాన్ మేపడం దేనికి?" అన్నది వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. మీ ఇంటికి పెద్దవాళ్ళు రెండు మూడు వారాలు మాత్రమే వచ్చేటట్టయితే నేనూ అదే చెయ్యమంటాను. కానీ ఆర్నెల్లు ఉండేటప్పుడు, ప్రతిసారీ రెండు పిల్లల సీట్లు మోసుకెళ్ళి, బిగించి, మళ్ళీ విప్పి తెచ్చుకోవాలంటే మూడో వారానికి మానేస్తాం. అప్పుడు మిగిలేది పాత కారూ, "ఇంకోసారి వెళ్దాంలే" అనే మాటా.

సరే, ఏడు సీట్లు కావాలి. మరి మూడు వరుసల ఎస్‌యూవీ ఎందుకు కాదు? మనవాళ్ళ మనసు అక్కడే ఉంటుంది. ఎత్తుగా, దర్జాగా ఉంటుంది, ఎవరూ వ్యాన్ అనరు. ఇక్కడ కాస్త చరిత్ర చెప్పుకోవాలి. క్రైస్లర్ వాళ్ళ మొదటి మినీవ్యాన్ 1983 చివర్లో ఒంటారియోలోని విండ్సర్ ఫ్యాక్టరీలో తయారవడం మొదలయింది. దాన్ని ట్రక్కు చాసీ మీద కాకుండా ముందు చక్రాలతో నడిచే కారు భాగాల మీద కట్టారు. వెనక చక్రాలకి శక్తి తీసుకెళ్ళే ఇరుసు కింద లేకపోవడంతో లోపలి నేల కిందికి దిగింది. అందుకే మినీవ్యాన్‌లోకి ఎక్కక్కర్లేదు, అడుగు పెడితే చాలు. మోకాలు నొప్పి ఉన్న మనిషికి ఆ అరడుగు తేడా ఎంతో అడిగి చూడండి. ఎస్‌యూవీలో ముందు ఎక్కాలి, ఆ తర్వాత మూడో వరుసలోకి దూరడానికి రెండో వరుస వంచాలి. వంచే సీటులో పిల్లల సీటు బిగించి ఉందో, ఇక అంతే.

రెండోది జరిగే తలుపులు. మన అపార్టుమెంట్ల కింద పార్కింగ్ ఎలా ఉంటుందో తెలుసుగా. ఒకవైపు కాంక్రీటు స్తంభం, ఇంకోవైపు పక్కింటాయన టెస్లా. నాలుగేళ్ళ పిల్లాడు మామూలు తలుపు ఎంత ఉత్సాహంగా తీస్తాడో ఆ టెస్లాకి తెలియకపోవడమే మంచిది.

ఇక కొత్తదా పాతదా? 2021 మోడల్ నుంచి టొయోటా సియెన్నా హైబ్రిడ్‌గా మాత్రమే వస్తోంది. పెట్రోలు ఖర్చు పాత వీ6తో పోలిస్తే బాగా తక్కువ. మంచి బండే, కాదనను. కానీ పన్నులు కలిపితే 50,000 డాలర్లు దాటిపోతుంది. పిల్లలు పాలు ఒలకబోసే, తాతయ్య ఆవకాయ జాడీ తెచ్చే బండికి అంత పెట్టాలా అన్నది మీ ఇష్టం. పెట్రోల్లో మిగిలే డబ్బు ధరలో తేడాని అందుకోవాలంటే మాకున్న కొద్దిపాటి తిరుగుడికి చాలా ఏళ్ళు పడుతుంది.

పాత బండి కొనేటప్పుడు మాత్రం కళ్ళు తెరుచుకుని కొనాలి. ఈ రాష్ట్రంలో చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఇక్కడి బండి ఇక్కడే చేతులు మారితే దాన్ని ఎవరూ తనిఖీ చెయ్యరు. ఒంటారియోలోలా సేఫ్టీ సర్టిఫికెట్ అక్కర్లేదు. పొగ పరీక్ష చేసే ఎయిర్‌కేర్ 1992లో వచ్చి 2014 చివర్లో వెళ్ళిపోయింది. కాబట్టి తనిఖీ మన పనే. మనకి తెలిసిన మెకానిక్‌కి 180 డాలర్లిచ్చి లిఫ్ట్ మీద పెట్టించి చూపించాను. ఆ డబ్బు దండగ అనుకునేవాళ్ళు పదహారు వేలు ఎలా ధైర్యంగా ఇస్తారో నాకర్థం కాదు.

చూడవలసినవి నాలుగైదు. ఐసీబీసీ దగ్గర ఆ బండి క్లెయిముల చరిత్ర తీసుకోండి. రిజిస్ట్రేషన్ మీద "రీబిల్ట్" అని ఉంటే, అది ఒకసారి తుక్కుగా లెక్కకట్టి మళ్ళీ లేపినదన్నమాట. దాని మీద బాకీ ఏమైనా ఉందేమో చూడండి, అమ్మినాయన తీర్చకపోతే ఆ బాకీ బండితోపాటే మీ ఇంటికొస్తుంది. రీకాల్స్ మిగిలి ఉన్నాయేమో వీఐఎన్ నంబరుతో చూసుకోండి. ఉదాహరణకి 2011 నుంచి 2016 దాకా వచ్చిన సియెన్నాల జరిగే తలుపుల మీద 2016లో టొయోటా రీకాల్ ప్రకటించింది. హోండా ఒడిస్సీ అయితే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో రసీదు అడగండి, సుమారు 1,60,000 కిలోమీటర్ల దగ్గర అది పెద్ద ఖర్చు. 3.5 లీటర్ల సియెన్నాలో బెల్టు బదులు చైన్ ఉంటుంది.

అమ్మే మనిషిని కూడా చూడండి. మాకు తగిలిన ఒకాయన "మా ఆవిడ బండి" అన్నాడు, రిజిస్ట్రేషన్ మీద ఉన్నది ఎవరిదో పేరు, అదే ఫోన్ నంబరుతో ఇంకో మూడు ప్రకటనలు. ఇలా లైసెన్సు లేకుండా బళ్ళ వ్యాపారం చేసేవాళ్ళని ఇక్కడ కర్బర్లంటారు. డీలర్లకయితే లైసెన్సిచ్చే సంస్థ ఉంది, మోసం జరిగితే మొరపెట్టుకోవచ్చు. వీళ్ళ దగ్గర కొంటే గోడకి చెప్పుకోవాలి.

ఇంకొకాయన ఫోన్లోనే "కాగితం మీద తక్కువ రాద్దాంలే, మీకు పన్ను కలిసొస్తుంది" అని ఉదారంగా అన్నాడు. మనవాళ్ళలో కూడా ఇది తెలివితేటల కింద చెలామణీ అవుతుంది. నాకు నచ్చదు. ఆ పన్నుతోనే మన అమ్మానాన్నలు దిగి నడిచే రోడ్డు వేస్తారు. పైగా ఆ తెలివి పారే రోజులు పోయాయి. 2022 అక్టోబరు 1 నుంచి, మామూలు మనుషుల మధ్య అమ్మకాల్లో, మనం రాసుకున్న ధర, ఆ మోడల్ సగటు టోకు ధర, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదే పన్ను. 1,25,000 డాలర్ల లోపు బండికి అది 12 శాతం.

చివరికి మేం కోక్విట్లమ్‌లో ఒక రిటైరయిన దంపతుల దగ్గర 2015 సియెన్నా తీసుకున్నాం. 1,48,000 కిలోమీటర్లు తిరిగింది, 16,500 డాలర్లు. పన్ను 1,980. పెద్దాయన సర్వీసు రసీదులన్నీ ఫైల్లో పెట్టి ఇచ్చాడు. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారట, ఇద్దరికి ఇంత బండి ఎందుకన్నారు. కాగితం మీద సంతకాలయ్యాక ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చి నంబర్ ప్లేట్లు విప్పుకున్నాడు. ఇక్కడ ప్లేటు మనిషిది, బండిది కాదు. మన దగ్గర బండి పుట్టిన నంబరుతోనే పోతుంది కదా, అది చూస్తే కాస్త విచిత్రంగానే ఉంటుంది. మూడో వరుసలో ఊదారంగు క్రేయాన్ గీతలు ఇంకా ఉన్నాయి. ఆవిడ క్షమించమంది. ఉండనివ్వండి, మా పిల్లల మీద నింద రాదు అన్నాను :)

పాత బండి అంటే "ఎవరి దరిద్రమో కొనుక్కోవడం" అనే మాట మనలో ఇంకా ఉంది. ఇద్దరు పిల్లల్ని పెంచి పంపిన బండిలో దరిద్రం ఎక్కడుందో నాకు కనపడలేదు. నిమ్మకాయలు మాత్రం తొక్కించాం, అమ్మ మాట తీసెయ్యలేక.

ఇంతకీ అసలు సంగతి. మన పెద్దవాళ్ళకి ఒక మాట అలవాటు: "సర్దుకుంటాంలే." మా అమ్మ 2023లో వచ్చినప్పుడు శనివారం బయటికి బయల్దేరే సమయానికి "మీరెళ్ళి రండిరా, నాకు పనుంది" అనేది. ఇంట్లో ఏం పని? ఆవిడకి తిరగాలని లేక కాదు. ఎవరూ చెప్పకుండానే సీట్లు లెక్కపెట్టుకుని, తనే తగ్గింది. ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదు. ఈ ఊళ్ళో ఏ తెలుగు ఇంట్లో అడిగినా శనివారాలు "పని ఉన్న" ఒక అమ్మమ్మో నాయనమ్మో దొరుకుతారు. పదమూడు వేల కిలోమీటర్లు వచ్చి కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవడానికి కాదు కదా వాళ్ళకి మనం వీసా తీసింది.

అందుకని వ్యాన్ కొన్నంత మాత్రాన సరిపోదు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా తేల్చాలి. పెద్దవాళ్ళు మర్యాదకి మూడో వరుస మేం కూర్చుంటామంటారు. ఒప్పుకోకండి. మధ్య వరుసలో విడి కుర్చీలు వాళ్ళవి, బూస్టర్ వయసు పిల్లలు వెనక్కి. పిల్లల సీటు కట్టే కొక్కేలు మూడో వరుసలో ఏ సీటుకి ఉన్నాయో మాన్యువల్లో చూసుకుని మరీ బిగించండి.

వాళ్ళు ఇండియా వెళ్ళిపోయిన నెలల్లో ఆ వెనక వరుస నేలలోకి మడిచి పెట్టుకుంటాం, అక్కడ బియ్యం బస్తాలు వస్తాయి. "అన్నాళ్ళు ఖాళీయేగా" అని ఎవరైనా అంటే, ఖాళీయే అని ఒప్పుకుంటాను. బండి కొనేటప్పుడు ఇంట్లో ఎంతమందున్నారని అందరూ లెక్కేస్తారు. ఆ లెక్కలో "మీరెళ్ళి రండి" అనే మనిషిని కూడా కలుపుకోమనే నేను చెప్పేది. వాళ్ళ మోకాళ్ళు ఎన్నేళ్ళు సహకరిస్తాయో తెలియదు, సీటు అప్పటిదాకా ఆగదు.