నీవేల చదువగోరుచున్నావు?

గత వేసవిలో మదనపల్లె సమీప గ్రామమునుండి నా పూర్వవిద్యార్థి యొకడు తిరుపతిలోని మా యింటికి వచ్చెను. అమెరికాలో అర్థశాస్త్రము చదువవలెనని వాని కోరిక. అచ్చటి కళాశాలలు పెక్కు, మార్కులతోపాటు విద్యార్థి స్వయముగా వ్రాసిన వ్యాసమును గూడ కోరును. వందలకొలది కళాశాలలకు ఉమ్మడిగా నున్న ‘కామన్ అప్లికేషన్’ అను దరఖాస్తులో ఆ వ్యాసము 650 పదములు మించరాదు. అంత చిన్న చోటులో తానెవరో పరాయివారికి తెలుపవలెను.

వాడు తెచ్చిన వ్యాసమును చదివితిని. బాల్యమునుండియు అర్థశాస్త్రమే నా స్వప్నమని ఆరంభము. ప్రపంచ దారిద్ర్యమును నిర్మూలించెదనని ముగింపు. అందు భాషాదోషము లేదు. ఆ బాలుడును లేడు. అడుగగా, కన్సల్టెన్సీ వారికి రుసుము చెల్లించి వ్రాయించితినని తలవంచుకొని చెప్పెను.

వారిది టమాటా సేద్యము. ఆ మాట యెత్తగానే వాని ముఖము మారెను. నాలుగేండ్లుగా తండ్రివెంట వేలమునకు వెళ్లుచు, ఆనాటి క్రేటు ధర, బండి బాడుగ, మండీ కమీషను, చేతికందిన సొమ్ము ఒక నోటుపుస్తకములో వ్రాయుచున్నాడట. ఒక యేడు కోతకూలి సైతము గిట్టక పంటను చేనిలోనే వదలిరి. ఆ వారముననే దూరపు పట్టణమున నున్న వాని పిన్నమ్మ కిలో టమాటాలను మంచి ధరకే కొనెను. ఈ తేడా యెక్కడ పోవుచున్నదో తెలిసికొనవలెనని వాని పట్టుదల.

“ఇది వ్యాసములో లేదేమి నాయనా?” అంటిని.

“అది లెక్కల పుస్తకమే కదా సార్! అదెవరికి కావాలి?” అనెను.

విద్యార్థులారా, ఈ తప్పు వానిది మాత్రమే కాదు. పెక్కేండ్లు నేనును ‘ఆవు’, ‘గ్రంథాలయము’ మొదలగు వ్యాసములను నల్లబల్లపై వ్రాసి, తరగతి యంతటిచేత నొకే విధముగా వల్లెవేయించితిని. ‘నా ఆశయము’ సైతము నేనే చెప్పితిని! మన ప్రాంతమున ప్రవేశములు పెక్కు ర్యాంకును బట్టియే జరుగును. తిరుపతిలో 2015లో ఆరంభమైన ఐ.ఐ.టి.లో బి.టెక్. ప్రవేశమునకు “ఏల?” అని యెవరును అడుగరు. ఆ పద్ధతి చెడ్డదని నేననను. ధనికుని వ్యాసమును ధనము వ్రాయగలదు గాని, పరీక్షలో నెవరి చేయి వారిదే. అయినను ఆ ప్రశ్న నెన్నడును వినని పిల్లవాడు, అది యెదురైన దినమున పరుల మాటలు కొనితెచ్చుకొనును.

కారణము గొప్పదిగా నుండనక్కరలేదు. తిరుపతి లూథరన్ మిషన్ పాఠశాలలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్, తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో తత్త్వశాస్త్రమును తీసికొనుటకు, చుట్టమొకడు చదివి ముగించిన పుస్తకములు చేతికి వచ్చుటయే హేతువని ఆయన జీవితకథలు చెప్పుచున్నవి.

వ్యాసమును మరల వ్రాయుమంటిని. ఇంగ్లీషునకు ముందు తెలుగులో వ్రాసికొమ్మంటిని. తెలియని మాటలు చొరబడకుండుటకు అది మంచి యుపాయము. మా వరండాలో రెండు రాత్రులు కూర్చుండి, ఒక తేదీతోను ఒక క్రేటు ధరతోను ఆరంభించెను. నడుమ తలయెత్తి, తండ్రి అప్పు సంగతి వ్రాయవచ్చునా యని యడిగెను.

“జాలికొరకైన వలదు. లెక్క తేలుటకు కావలసినచో వ్రాయుము” అంటిని.

ఒక్క వాక్యము వ్రాసి ముందుకు సాగెను. రెండు కళాశాలలకు పంపెను. ఒకటి కాదనెను, రెండవదాని యుత్తరమునకై యెదురుచూచుచున్నాడు. నిన్న ఫోను చేసి, ఆ సంగతి రెండు మాటలలో ముగించి, క్రేటు ధర చెప్పెను.