గాట్స్‌బీ నాన్న

ఎఫ్. స్కాట్ ఫిట్జెరాల్డ్ 1925లో ప్రచురించిన అమెరికన్ నవల ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ని అందరూ ప్రేమకథ అంటారు. మాకు మాత్రం అది ఒక తండ్రి కథ అనిపిస్తుంది.

జేమ్స్ గాట్జ్ నార్త్ డకోటా పేద రైతు కొడుకు. పదిహేడేళ్లకే పేరు మార్చుకుని జే గాట్స్‌బీ అయ్యాడు. ధనవంతుల బిడ్డ డైసీని ప్రేమించాడు. ఆమెకు వేరే పెళ్లయింది. మద్యనిషేధ కాలంలో దొంగచాటు మద్యం వ్యాపారంతో గడించి, ఆమె ఇంటికి ఎదురు ఒడ్డున భవనం కొన్నాడు. డబ్బుంటే గడిచిన కాలం కూడా తిరిగి వస్తుందనుకున్నాడు. అదే అతని భ్రమ. తండ్రికి ఇల్లు కొనిచ్చాడు గానీ, పొరుగువాడితో మాత్రం తన వాళ్లంతా చనిపోయారని చెప్పాడు.

చివరికి అతని అంత్యక్రియలకు డైసీ రాలేదు. ఆ ‘చనిపోయిన’ తండ్రే వచ్చాడు. కొడుకు చిన్నప్పుడు రాసుకున్న దినచర్యను జేబులోంచి తీసి చూపించాడు. వ్యాయామం, చదువు, పొదుపు... అమ్మానాన్నలను ఇంకా బాగా చూసుకోవాలన్నది అందులో చివరి తీర్మానం.

మిత్రులారా, మన ట్రంకుపెట్టెల మూతలకు అంటించుకున్న టైంటేబుళ్లూ ఇలాంటివే. చూడ్డానికొచ్చిన నాన్నను ‘మా ఊరాయన’ అని చెప్పినవాళ్లు మనలో లేరా? ఇంటర్‌లో మేమూ చెప్పాం. ఉద్యోగాలొచ్చాక ఇంటికి డబ్బు పంపితే సరిపోదు. ఈ వార్షికోత్సవానికి వచ్చే నాన్నలను ముందు వరుసలో కూర్చోబెడదాం.