చూడడం వేరు, పోల్చుకోవడం వేరు

నందికొట్కూరు నుంచి ఆత్మకూరు వెళ్ళే దారిలో, జూపాడు బంగ్లా ప్రాంతాన, కోతల కాలంలో రోడ్డు వారగా మొక్కజొన్నలు ఆరబోస్తారు. గింజల మీదికి బండ్లు ఎక్కకుండా అంచున రాళ్ళు పేరుస్తారు. చీకటి పడ్డాక దీపంలేని ఎద్దులబండి కూడా అదే దారిన వస్తుంది. డ్రైవరులేని కార్ల మాట వచ్చినప్పుడల్లా నాకు ముందుగా ఆ రాళ్ళే గుర్తుకొస్తాయి.

వాదమంతా కారుకు ఏ కన్ను పెట్టాలన్నదే. కెమేరా చవక, రంగులూ, అక్షరాలూ దానికే తెలుస్తాయి. కానీ వెలుతురు తగ్గినా, పొద్దు ఎదురైనా తడబడుతుంది. రాడారు రేడియో తరంగాలతో దూరాన్నీ, వేగాన్నీ నేరుగా కొలుస్తుంది. మంచూ, దుమ్మూ దానికి పెద్ద అడ్డు కావు. అయితే ఆకారం సరిగా అందదు. పైగా ప్రతి వంతెనకూ, బోర్డుకూ బ్రేకు పడకుండా, కదలని వస్తువుల సంకేతాలను పట్టించుకోకపోవడం చాలా వ్యవస్థల్లో ఆనవాయితీ. మరి మన రాళ్ళ సంగతి? లైడారు పంపిన లేజరు కాంతి ఒక మైక్రోసెకనులో తిరిగివస్తే వస్తువు 150 మీటర్ల దూరాన ఉన్నట్టు. చీకటిలోనూ ఆకారం గీసి ఇస్తుంది, కానీ దట్టమైన పొగమంచులో ఆ కాంతి చెదిరిపోతుంది.

టెస్లా 2021లో అమెరికాలో కొత్త మోడల్ 3, మోడల్ వై కార్లలో రాడారును తీసివేసి కెమేరాలనే నమ్ముకుంది. వేమో మూడింటినీ వాడుతోంది. మనిషి రెండు కళ్ళతోనే నడపడం లేదా అని మొదటి పక్షం వాదన. నిజమే, కానీ ఆ కళ్ళ వెనుక ఊరి అనుభవం ఉంటుంది. అది లేనప్పుడు ఒక కన్ను తప్పితే మరో కన్ను ఆదుకోవాలి. నా ఓటు మూడింటికీ.

అయినా కళ్ళతోనే పని తీరదు. 2018 మార్చి 18న అరిజోనాలోని టెంపీలో, ప్రయోగదశలో ఉన్న ఊబరు కారు సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను ఢీకొని చంపింది. 5.6 సెకన్ల ముందే కారు ఆమెను పసిగట్టింది. వాహనమనీ, సైకిలనీ, మరేదో అనీ మార్చి మార్చి అనుకున్నదే తప్ప మనిషి అనుకోలేదు. గుర్తులేని చోట మనుషులు రోడ్డు దాటుతారన్న ఊహే ఆ వ్యవస్థకు లేదని విచారణలో తేలింది. మన ఊళ్ళలో అందరూ దాటేది అలాంటి చోటే కదా!

2022 జులైలో కందిలోని ఐఐటీ హైదరాబాదులో టిహాన్ పరీక్షాక్షేత్రం ప్రారంభమైంది. అక్కడ ఒక వారన మొక్కజొన్నలు ఆరబోసి, రాళ్ళు పేర్చి, రాత్రిపూట కారును వదలాలని నా కోరిక. ఆ పరీక్ష నెగ్గిన కారునే మా దారికి రానివ్వాలి.