మట్టి వీధులు – అధికారుల బాధ్యత

పూర్వపు కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో సిమెంటు రాకముందు వీధులు మట్టివే. మట్టి వీధికి ఏటా సంరక్షణ కావాలి. వానలకు ముందే గుంతలను మొరంతో పూడ్చి, నీరు చల్లి, దిమ్మిసతో గట్టిపరచాలి. వీధి నడుమ ఎత్తుగా, ఇరుపక్కల వాలుగా ఉండాలి. కాలువలలో పూడిక తీయించాలి. ఒక్క ఏడు అశ్రద్ధ చేస్తే చాలు, చుట్టిన బీడీలను కార్ఖానాకు చేర్చే కోరుట్ల స్త్రీ, నూలు మోసే సిరిసిల్ల నేతకార్మికుడు బురదలో దిగబడవలసిందే. కనుక అధికారి నిర్లక్ష్యం దాగేది కాదు.

మట్టి వీధులను కీర్తించనక్కరలేదు. వేసవిలో వాటి దుమ్ము అనుభవించినవారికే తెలుసు. అయితే సిమెంటు పరచడంతో బాధ్యత తీరిందనుకోవడం పొరపాటు. నేలలో ఇంకవలసిన నీరంతా ఇప్పుడు కాలువకే చేరాలి. 2021 సెప్టెంబరు వానలకు సిరిసిల్ల వీధులు జలమయమైనాయి.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు అప్పగించదగిన విధులలో రోడ్లను చేర్చింది. 2016లో జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రాలైనాయి. కార్యాలయాలు ప్రజలకు చేరువైనాయి. ఇక మే నెలలోనే అధికారులు వీధివీధినా నడిచి, కాలువల పూడికను స్వయంగా చూడాలి.