చేసినవాడు, చేయించినవాడు

వియన్నా నగరమున హోఫ్‌బుర్గ్ ప్రాసాదపు కోశాగారములో ఒక బంగారు కిరీటము కలదు. నడినెత్తిమీదుగా ముందునుండి వెనుకకు వంగిపోవు దాని కమాను లోపలివైపున, చూపరుల కంటికి సులభముగా ఆనని చోట, లాటిను భాషలో ఒక వాక్యము చెక్కబడియున్నది. రోమక చక్రవర్తియు, హంగేరీ బొహీమియాల రాజును అగు రెండవ రుడాల్ఫు దీనిని 1602లో నిర్మించెనని దాని తాత్పర్యము. నిర్మింపజేసెనని కాదు, నిర్మించెననియే.

అశోకుడు చెట్లు నాటించెనని బడిలో వల్లెవేసిన తెలుగువాడు ఇచ్చట ఒక్క క్షణము ఆగక మానడు. ప్రేరణార్థమున వైయాకరణులు విధించిన ఆ ‘ఇంచుక్కు’ సామాన్యమైనది కాదు. గొయ్యి త్రవ్వినవానికిని, నీరుపోసినవానికిని పేరు లేకున్నను, ఆ రెండక్షరములలో వారు నిలుచుటకు చోటు మిగిలియున్నది. కిరీటములోని వాక్యమున ఆ చోటును లేదు.

ఆ కిరీటమును చేసిన చేయి బ్రస్సెల్సులో పుట్టిన యాన్ వెర్మేయెన్‌దని పండితులు పనితనమును బట్టి చెప్పుచున్నారు. అతని తండ్రి చిత్రకారుడు. 1535లో ఐదవ చార్లెసు చక్రవర్తి ట్యూనిసుపై దండెత్తినపుడు వెంటబోయి, కన్నది కన్నట్లు గీసికొనివచ్చి, గోడలకు వ్రేలాడదీయు బొమ్మల తివాచీలకు మాతృకలు వ్రాసియిచ్చిన వాడు. కుమారుడు కుంచె విడిచి బంగారము పట్టెను. కాని ఫ్లెమిషు సీమలో బంగారుపనికి ఆ కాలము మంచిది కాదు. 1576లో జీతములు ముట్టని స్పెయిను సైనికులు ఆంట్వెర్పును దోచి తగులబెట్టిరి. 1585లో ఆ నగరమే ముట్టడికి లొంగిపోయెను. నిలువ సరకు గల వర్తకునికంటె, పనిముట్లు ఒక్క మూటలో పట్టు కంసాలికి ఊరు విడుచుట తేలిక. ఫ్రాంక్‌ఫర్టునకు, హాంబర్గునకు, లండనునకు ఎందరో పోయిరి. వెర్మేయెను 1597లో ప్రాగు నగరమున రుడాల్ఫు కొలువులో స్వర్ణకారుడయ్యెను.

రుడాల్ఫు రాజ్యము చక్కబెట్టుకొనుటలో ఎంత అసమర్థుడో వస్తువులు కూర్చుటలో అంత రసికుడు. బ్రూజెసునుండి వచ్చి అతనికి వైద్యుడైన డి బోట్ అను పండితుడు 1609లో రత్నములపై ఒక గొప్ప గ్రంథమును ప్రకటించెను. మేక వంటి జంతువుల కడుపులో ఏర్పడు బెజోవారు రాయి విషమును విరుచునని ఆనాటి నమ్మకము. ఆ రాతితో తొలిచిన గిన్నెకు బంగారు పాదము, పిడులు అమర్చి పానపాత్రగా చేసినవాడును మన వెర్మేయెనే.

ఇక కిరీటము. జర్మను చక్రవర్తుల ప్రాచీన కిరీటము పట్టాభిషేకమునకు తప్ప నురెంబర్గు విడిచి రాదు గనుక, ప్రభువులు తమ ఆడంబరమునకు సొంత కిరీటములు చేయించుకొనెడివారు. వారి అనంతరము అవి మూసలో కరగిపోవుటయే రివాజు. ఇది దక్కినది. అడుగున ఎనిమిది లిల్లీపూవుల పట్టీ రాజత్వమునకు, లోపలి బిషప్పు టోపీ ధర్మాధికారమునకు, దానిని చీల్చుకొనిపోవు కమాను సామ్రాజ్యమునకు గుర్తులు. శిఖరమున సానపట్టని నీలము ఆకాశమునకు. టోపీ ఇరుపార్శ్వములందు నాలుగు బంగారు రేకులున్నవి. పలుచని రేకును వెనుకనుండి మెల్లగా తట్టి ఉబ్బించి, ముందునుండి సన్నని ఉలితో గుఱ్ఱపు జూలును, గుంపులోని మొగములను తీర్చిన పని అది. దెబ్బ వెంట్రుకవాసి ఎక్కువైనచో రేకు చినుగును. మూడింట రుడాల్ఫు పట్టాభిషేక వైభవములు, నాలుగవదాన తురుష్కులపై అతని విజయము. యుద్ధభూమికే పోని ప్రభువునకు, ఇంకను ముగియని యుద్ధములో, కంసాలి ముందుగానే గెలుపును చేసియిచ్చెను! రేకుల అంచులవెంబడి మీనాపని పట్టీలో పూవులు, పక్షులు. విజయముకంటె అవియే ఎక్కువ సత్యములని నాకు తోచుచున్నది.

1804లో ఆస్ట్రియా సామ్రాజ్యము వెలసినపుడు ఇదియే దాని కిరీటమయ్యెను. కాని ఆ సామ్రాజ్య ప్రభువులలో ఒక్కడును దీనితో అభిషిక్తుడు కాలేదు.

బంగారము రాజుది, రత్నములు రాజువి, జీతమును రాజుదే; చేతిపని చేసినవానికి ఇంకేమి కావలెనని కొందరు అడుగవచ్చును. రాజు లేనిదే కిరీటము లేదని నేనును ఒప్పుకొందును. ఆ మాటకు వచ్చినచో రత్నములును రాజు పుట్టించినవి కావు. బ్రెజిలు గనులు పదునెనిమిదవ శతాబ్దమున బయటపడువరకు యూరపు చేరిన వజ్రములు దాదాపు అన్నియు మన దేశమువే. ఆ కిరీటముమీది వజ్రములలో ఏదేని కృష్ణాతీరపు మట్టిని జల్లించిన కూలివాని చేతిమీదుగా పోయియుండవచ్చును. అంతదూరము పేరు వెదకుట అసాధ్యమే. కాని చెక్కినవాని పేరు వ్రాయుట అసాధ్యము కాదు. కృష్ణదేవరాయల తామ్రశాసనములలో దానమిచ్చిన రాయలతోపాటు రేకుపై అక్షరములు చెక్కిన వీరణాచార్యుని పేరును గలదు. రాయల కీర్తికి దానివలన కలిగిన లోపమేమియు లేదు.

నేడు మనము కొను నగపై హాల్‌మార్కు ఉండును: ప్రమాణసంస్థ గుర్తు, స్వచ్ఛతను తెలుపు అంకె, అక్షరములును అంకెలును కలసిన ఆరు గుర్తుల సంఖ్య. మోసపోకుండుటకు అది మంచిదే. నాలుగవదిగా పనివాని గుర్తొకటి వేయరాదా యని నా ప్రశ్న. దుకాణపు పేరు ఎట్లును బిల్లుమీదను, సంచిమీదను, వీధి మలుపులోని బోర్డుమీదను ఉండనే యున్నది.

మా అమ్మమ్మ శ్రావణమాసములో కాసులపేరు పెట్టెలోనుండి తీసి చూపునపుడు, మా తాత ఏ పంట డబ్బుతో దానిని చేయించెనో చెప్పెడిది. అంతటితో ఆగక, దానిని తిరగవేసి, కొక్కెపు వంపుపై గోటితో రాచి, “ఇది మన కోవెలవీధి ఆచారి చెయ్యిరా” అనెడిది.