చెత్త బంతి విలువ

గొప్ప బంతికి అవుటయినవాణ్ణి లోకం క్షమిస్తుంది. చెత్త బంతికి అవుటయినవాణ్ణి చూసి నవ్వుతుంది. ఆ నవ్వు ఎలాంటిదో నాకు అనుభవమే.

మా చిన్నతనంలో, పొదిలిలో వేసవి వచ్చిందంటే ఎండిన చెరువే మాకు మైదానం. నెర్రెలిచ్చిన ఆ నేల మీద పడ్డ టెన్నిస్ బంతి ఎటు తిరుగుతుందో వేసినవాడికి కూడా తెలిసేది కాదు. ఒక పందెం మ్యాచిలో చివరి ఓవరుకు నాలుగు పరుగులు కావాలి. మొదటి మూడు బంతులూ కాళ్ళ దగ్గర పడ్డాయి, ఎలాగో ఆపాను. నాలుగోది బౌలరు చెయ్యి జారి, నేలను తాకకుండా, మోకాలి ఎత్తున, తాపీగా నా బ్యాటు మీదికే వచ్చింది. అంత తేలికైన బంతి వస్తుందని నేను అనుకోలేదు. తత్తరపడి గాలిలోకి లేపాను. క్యాచ్ పట్టారు. ఓడిపోయాం.

చాలా ఏళ్ళు దాన్ని దురదృష్టమనే చెప్పుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

బ్యాటింగంటే మంచి బంతుల్ని చితకబాదడమని చూసేవాళ్ళు అనుకుంటారు. మంచి బంతికి మామూలుగా చెయ్యగలిగింది బతికి బయటపడటమే. పరుగులు ఎక్కువగా పుట్టేది బౌలరు పొరపాటులోంచి. అమెరికావారి బేస్‌బాల్‌లో ఈ సంగతి మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ పదింట మూడుసార్లు హిట్ సాధించినవాడు గొప్ప ఆటగాడే. 1941లో టెడ్ విలియమ్స్ సగటు వెయ్యికి 406. ఆయన తన పుస్తకంలో, కొట్టదగిన మేరనంతా బంతి పరిమాణంలో 77 గళ్ళుగా విభజించి చూపించాడు. నడిమి గళ్ళలో పడే బంతులకు తన సగటు వెయ్యికి 400 అనీ, దూరంగా కింది మూలన పడేవాటికి 230 అనీ లెక్క వేసుకున్నాడు. మనిషి అతనే, బ్యాటు అదే. ఏ బంతిని ఎంచుకున్నాడన్నదే తేడా.

ఎదుటివాడి తప్పు మీద బతకడమేమిటని కొందరికి చిన్నతనంగా ఉంటుంది. ఆ తప్పు ఊరికే రాదని వాళ్ళు గమనించాలి. 2004 జనవరిలో సిడ్నీలో సచిన్ కవర్ డ్రైవ్‌ను మానుకుని ఆడాడు. ఆ సిరీస్‌లో అప్పటిదాకా పరుగులు రాక ఇబ్బంది పడుతున్నాడు. ఆఫ్ స్టంపు ఆవల ఊరించే బంతుల్ని పోనిచ్చాడు. ఎంతసేపని ఊరిస్తారు? విసిగి లోపలికి వేసిన బంతుల్ని లెగ్ వైపు తరలించాడు. 436 బంతుల్లో 241, నాటౌట్. పొరపాటు చేసింది బౌలర్లే కావచ్చు, చేయించింది మాత్రం ఆయన సహనం.

మరి మన హైదరాబాదు లక్ష్మణ్ మాటేమిటని మీరు అడగవచ్చు. 2001 మార్చిలో కలకత్తాలో 281 పరుగులు చేసినప్పుడు ఆయన చెత్త బంతుల కోసం కాచుకుని కూర్చోలేదు. లెగ్ స్టంపు బయటి గరుకు నేలలో షేన్ వార్న్ తిప్పిన బంతిని ముందుకొచ్చి కవర్స్ మీదుగా కొట్టాడు. అలాంటిదాన్నే మరోసారి మిడ్ వికెట్ వైపు మళ్ళించాడు. నిజమే. కాని మంచి బంతికి రెండు దారుల్లోనూ బౌండరీ పోయాక, తరవాతి బంతి ఎక్కడ వెయ్యాలి? బౌలరుకు ఆ సందేహం కలగడమే పొరపాటుకు మొదలు. నాలుగో రోజంతా లక్ష్మణ్, ద్రావిడ్‌లలో ఒక్కరూ అవుట్ కాలేదు. వార్న్ 34 ఓవర్లలో 152 పరుగులిచ్చాడు, దక్కింది ఒక్క వికెట్. ఒకరు ఓపికతో తప్పు చేయిస్తే, మరొకరు సాహసంతో చేయించారు. వచ్చిన తప్పును ఇద్దరూ వదల్లేదు.

మన పెంపకంలో లోపం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. కష్టాన్ని ఎలా తట్టుకోవాలో పిల్లలకు మళ్ళీ మళ్ళీ చెబుతాం. తేలిక అవకాశం ఎదురైతే ఏం చెయ్యాలో చెప్పం. అది ఎవరికయినా చేతనవుతుందనుకుంటాం. చేతకాదు. మూడు బంతులకు భయపడ్డ చేతులు నాలుగోదాన్ని కూడా భయంతోనే చూస్తాయి. ఆ రోజు నాకు జరిగింది అదే. అందుకే మంచి బంతికి అవుటవడం కంటే చెత్త బంతిని వృథా చెయ్యడమే పెద్ద వైఫల్యమని ఇప్పుడు నమ్ముతాను.

ఆ సాయంత్రం అరుగు మీద ముఖం వేలాడేసుకుని కూర్చున్న నన్ను మా పెదనాన్న సంగతేమిటని అడిగాడు. జన్మలో క్రికెట్ చూసినవాడు కాదు. కంది వేసే మెట్ట రైతు. వాన ఎప్పుడు పడుతుందో తెలియకపోయినా, విత్తనాలూ గొర్రూ సిద్ధం చేసుకుని ఆకాశం వంక చూస్తూ బతికినవాడు. అంతా విని ఒక్క మాటే అన్నాడు:

"పదునొచ్చిన రోజున గొర్రు ఎతుక్కుంటే ఎట్టరా?"