హంతకుడు తెలిశాక మొదలయ్యే నవల

దొస్తోయెవ్‌స్కీ ‘కరమజోవ్ సోదరులు’లో ముసలి ఫ్యోదోర్‌ని చంపింది అతని ఇంట్లో వంటచేసే స్మెర్ద్యకోవ్. ఈ సంగతి ముందే చెప్పేసినందుకు చదవబోయేవాళ్లు నొచ్చుకోనక్కర్లేదు. డిటెక్టివ్ నవలకు కావలసిన సరంజామా అంతా ఇందులో ఉంది: మూడు వేల రూబుళ్ల కవరు, కిటికీ మీద గుర్తుగా తట్టే తట్టు, ఇత్తడి రోకలి, దొంగ మూర్ఛ, అన్ని సాక్ష్యాలూ పెద్దకొడుకు ద్మీత్రీ వైపే చూపడం. ఇవన్నీ విప్పేసినా నవల బిగువు సడలదు.

ఎందుకంటే రచయిత పట్టుకున్నది మరో కొడుకు ఇవాన్‌ని. హత్యకు ముందు ఒక రాత్రి అతను గది తలుపు తీసి మెట్ల మీదికి వస్తాడు. కింద తండ్రి అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు చెవి రిక్కించి వింటాడు. అంతే. తెల్లారి ఊరు విడిచి వెళ్లిపోతాడు. తన జన్మలో అంతటి నీచమైన పని మరొకటి చేయలేదన్న బాధ అతన్ని వదలదు. అడుగుల చప్పుడు విన్నందుకు ఏ పోలీసు కేసు రాస్తాడు? ఏ శిక్షాస్మృతిలోనూ లేని ఆ నేరాన్నే దొస్తోయెవ్‌స్కీ విచారణకు పెట్టాడు.

ఇవాన్ మూడోసారి స్మెర్ద్యకోవ్‌ని నిలదీసినప్పుడు అతను ఎడమకాలి పొడుగు మేజోడులో చెయ్యి పెట్టి నోట్ల కట్టలు బయటికి లాగుతాడు. చంపింది నేనే, కానీ మీ మనసెరిగి, మీ మాట పట్టుకునే చంపానంటాడు. గదిలోకి ఎవరైనా వస్తే డబ్బు కనపడకుండా బల్లమీది పుస్తకం తీసి కప్పుతాడు. అది సిరియా ఐజాక్ అనే ప్రాచీన తపస్వి బోధల గ్రంథం. ఆ డబ్బును ముసలాయన దాచుకున్నదీ దేవుడి పటాల వెనకే. అపరాధ పరిశోధన, ఆత్మశోధన ఒకే బల్ల మీద కలిసిన చోటు ఇది. ప్రపంచ సాహిత్యంలో ఇలాంటి ఘట్టాలు చాలా అరుదని మా నమ్మకం.

ఇదంతా ఊహలోంచి ఊడిపడలేదు. తండ్రిని చంపాడని శిక్షపడిన ఒక మాజీ సైనికాధికారిని ఓమ్స్క్ జైల్లో రచయిత చూశాడు. అతను నిర్దోషి అని ఏళ్ల తర్వాత తేలింది. 1878లో రచయిత కొడుకు, మూడేళ్లు నిండని అల్యోషా పోయాడు. ఆ దుఃఖంతో రచయిత ఓప్తినా మఠానికి వెళ్లి అంబ్రోసీ అనే వృద్ధ సన్యాసిని కలిశాడు. నవలలో జోసిమా అనే సన్యాసి బిడ్డ పోయిన పల్లెటూరి తల్లిని ఓదార్చే మాటలు అక్కడ విన్నవేనని రచయిత భార్య రాసింది. చనిపోయిన బిడ్డ పేరే ఆ నవలలో చిన్నకొడుకు పేరయింది.

కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ వెంట మన పాఠకులు పరుగులు తీశారు. మన విమర్శ మాత్రం ఆ తోవన పోవడానికి మొహమాటపడింది. హత్య ఉంటే కాలక్షేపం, ఆత్మవిచారణ ఉంటే సాహిత్యం అని గిరి గీసుకున్నాం. ఆ రెండిటినీ కలిపిన ‘కరమజోవ్ సోదరులు’ 1879, 80లలో ఒక మాసపత్రికలో ధారావాహికగా వచ్చిందే. తెలుగులో అలాంటి సాహసం ఎవరైనా చేస్తే వాయిదాల మీద వేయడానికి మా పుటలు సిద్ధంగా ఉన్నాయి. రాతప్రతులు పంపండి.